పగలు ద్రాక్ష తోటలు, సాయంత్రం బెలూన్: నాన్నతో హంటర్‌డన్‌లో

న్యూజెర్సీ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి ఎడిసన్, ఓక్‌ట్రీ రోడ్డు, న్యూయార్క్ వెళ్లే రైలు. అదే ఎడిసన్ నుంచి పడమటి వైపు ముప్పావు గంట కారులో వెళ్తే హంటర్‌డన్ కౌంటీ వస్తుంది. అక్కడ మొక్కజొన్న చేలు, గడ్డి పొలాలు, గుర్రాల కొట్టాలు, వాటి మధ్య ద్రాక్ష తోటలు. జులై ఆఖర్లో అక్కడి రెడింగ్టన్‌లో, సోల్‌బర్గ్ ఎయిర్‌పోర్టు మైదానంలో, పెద్ద బెలూన్ల పండుగ జరుగుతుంది. 1983లో మొదలైన పండుగ. వంద దాకా హాట్ ఎయిర్ బెలూన్లు వస్తాయి.

ఈ వేసవికి అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చారు. నాన్న మేడ్చల్ దగ్గర ద్రాక్ష రైతు. మొదట అనాబ్‌షాహి, తర్వాత థామ్సన్ సీడ్‌లెస్ పండించాడు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే ఉండేవి. బోర్లు ఎండాయి, కూలీలు కరువయ్యారు, ఆపైన భూముల ధరలు పెరిగాయి, తోటలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. మాదీ అలాగే పోయింది. ఇక్కడికి వచ్చాక నాన్నను టైమ్స్ స్క్వేర్‌కీ నయాగరాకీ తీసుకెళ్లాను. బాగుందన్నాడు. కానీ ఆయన దగ్గరికెళ్లి, చేత్తో తాకి, నాలుగు ప్రశ్నలు అడిగే చోటు ఒక్కటైనా చూపించాలని నాకు గట్టిగా అనిపించింది. అందుకే పండుగ శనివారం పగలు ద్రాక్షతో వైన్ చేసి, రుచి చూపించి అమ్మే వైనరీలు, సాయంత్రం బెలూన్ అని ప్లాన్ వేశాను.

ఇలాంటి రోజుకు ప్లాన్ సాయంత్రం నుంచి వెనక్కి వేసుకుంటూ రావాలి. బెలూన్లు పైకి లేచేది పొద్దున ఆరున్నరకు, మళ్లీ సాయంత్రం ఆరున్నరకు మాత్రమే. మధ్యలో ఎగరవు. ఎండ ఎక్కే కొద్దీ నేల వేడెక్కి, ఆ వేడి గాలి సుడులుగా పైకి లేస్తుంటుంది. అలాంటి గాలిలో బెలూన్ పైలట్ మాట వినదు. తెల్లారాక కాసేపు, పొద్దు గూకే ముందు కాసేపు గాలి నెమ్మదిస్తుంది, ఎగరడానికి అదే అదను. వైనరీలేమో పదకొండో పన్నెండో అయితే గాని తెరవవు. కాబట్టి పొద్దుటి బెలూన్ ఎక్కితే మధ్యాహ్నం దాకా ఖాళీ, సాయంత్రానిది అయితే రోజంతా కలిసొస్తుంది. మేం సాయంత్రానిది ఎంచుకున్నాం. ఎక్కడానికి టికెట్టు మనిషికి మూడు వందల డాలర్ల పైమాటే, అదీ చాలా ముందే కొనుక్కోవాలి. నాకూ నాన్నకూ తీసుకున్నాను. అమ్మ మాత్రం "నా కాళ్లు నేల మీదుంటేనే నాకు నిమ్మళం" అని కొట్టిపారేసింది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. తాగినట్టు కనిపించే మనిషిని పైలట్ ఎక్కించుకోకూడదు. ఇది అమెరికా విమానయాన నిబంధన, బెలూన్‌కూ వర్తిస్తుంది. పైలట్ అయితే ఎక్కడానికి ముందు ఎనిమిది గంటలు మందు ముట్టకూడదు. అందుకని నాన్నా నేనూ వైన్ ఒక గుక్క నోట్లో తిప్పి, మిగిలింది అక్కడ పెట్టిన బకెట్‌లో పోసేయాలని ముందే అనుకున్నాం. కారు మా ఆవిడ నడుపుతుంది, తను అసలు ముట్టలేదు. ఇంకోటి, నెరిసిన జుట్టున్నా సరే, టేస్టింగ్ దగ్గర వయసు చూపించమని అడుగుతారు. అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు పాస్‌పోర్టులు వెంట పెట్టుకోండి.

మొదట వెళ్లింది రింగోస్ ఊరి దగ్గరున్న యూనియన్‌విల్ వైన్‌యార్డ్స్‌కు. కారు దిగగానే నాన్న టేస్టింగ్ గది వైపు చూడనేలేదు. నేరుగా తోట గట్టు దాకా వెళ్లి ఆగిపోయాడు.

"పందిరి లేదేందిరా?"

నిజమే, మన దగ్గర రాతి కడీలు పాతి, పైన తీగలల్లి పందిరి వేస్తాం. తీగ తల మీద పాకుతుంది, గుత్తులు కిందికి వేలాడతాయి, మనిషి కింద నడుస్తూ పని చేసుకుంటాడు. ఇక్కడ ట్రాక్టర్ పట్టేంత దూరంలో వరసలు, ఒక్కో వరసకూ కంచెలాగా నిలువునా తీగలు. కొమ్మలన్నిటినీ ఆ తీగల మధ్యకు ఎక్కించి నిటారుగా నిలబెట్టారు. గుత్తులన్నీ మోకాలి పైన ఒకే ఎత్తులో ఉన్నాయి. ఇక్కడ ఎండ తక్కువ, వేసవి చిన్నది, ఉన్న ఎండంతా ఆకుకు తగలాలి. మనకేమో ఏప్రిల్ ఎండకు గుత్తి మాడిపోకుండా నీడ కావాలి. నేను చెప్పేలోపే నాన్న తనంతట తనే ఈ లెక్క తేల్చేశాడు.

వరసలో ఒకాయన పని చేస్తున్నాడు. దగ్గరికి రావచ్చా అని అడిగితే రమ్మన్నాడు. గుత్తుల చుట్టూ ఉన్న ఆకులు తుంచుతున్నాడు, మధ్య మధ్యలో కొన్ని గుత్తులను కోసి కింద పడేస్తున్నాడు. అవి అప్పుడప్పుడే రంగు తిరుగుతున్న కాయలు. నాన్న వంగి ఒక గుత్తి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అరచేయి నిండలేదు. కాయ శనగగింజ కన్నా కాస్త పెద్దది, తోలు మందం, నొక్కితే లోపల గింజలు. అందులో సగం కాయలు ఇంకా పచ్చివే, నాలుగైదు ఊదారంగుకు వచ్చాయి, ఒకటి సగం పచ్చగా, సగం ఎర్రగా ఉంది.

"పచ్చి కాయ గిట్ల కోసి పారేస్తరా? ఎంత పంట పాయె!"

నేను ఇంగ్లిష్‌లో అడిగాను. ఆయన చేతిలో పని ఆపి చెప్పాడు. చెట్టు మోయగలిగినన్ని గుత్తులు వదిలితే అన్నిట్లోనూ తీపి పలచబడుతుంది. కొన్ని తీసేస్తే మిగిలిన వాటికి చక్కెర, రంగు, వాసన చిక్కగా వస్తాయి. నాన్నకు కాయ బరువే డబ్బు. కోఠి, మోజాంజాహీ మార్కెట్లలో ఆయన అమ్మింది కిలోల లెక్కన. అనాబ్‌షాహి గుత్తి ఒక్కటే అరకిలో తూగేది. ఇక్కడి రైతు కాయ అమ్మడు, రసం అమ్ముతాడు. "జీఏ మందులో ముంచరా గుత్తులను?" అని నాన్న అడిగాడు. థామ్సన్ కాయ సైజు పెరగడానికి మనవాళ్లు జిబ్బరెల్లిక్ ఆమ్లం ద్రావణంలో గుత్తులను ముంచుతారు. ఆయన నవ్వి, మాకు కాయ ఎంత చిన్నదైతే అంత మంచిది, రంగూ రుచీ తోలులోనే ఉంటాయి అన్నాడు. నాన్న చాలాసేపు తల ఊపుతూ ఉండిపోయాడు.

తర్వాత ఇద్దరూ కత్తిరింపుల గురించి మాట్లాడుకున్నారు, మధ్యలో నేను దుబాసీని. మన దగ్గర తీగ నిద్రపోదు, అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబరులో ఇంకోసారి కాయ కోసం. ఇక్కడ చలికాలమంతా తీగ మోడుబారి ఉంటుంది. ఫిబ్రవరి అటూ ఇటూగా ఒకే ఒక్క కత్తిరింపు, ఏప్రిల్ ఆఖరుకు చిగురు, సెప్టెంబరు, అక్టోబరుల్లో కోత. మంచు పడుతుండగా కత్తిరిస్తామని ఆయన చెబితే నాన్నకు నమ్మశక్యం కాలేదు. వేరు మొక్క సంగతి వచ్చేసరికి నాన్న "డాగ్రిడ్జ్" అన్నాడు. అటుపక్కాయన ముఖం వెలిగిపోయింది. ఉప్పు నేలకూ నీటి ఎద్దడికీ తట్టుకుంటుందని మన రైతులు అంటు కట్టే ఆ వేరు మొక్క పుట్టిల్లు టెక్సాస్. ఆ పేరు వచ్చింది కూడా అక్కడి ఒక గుట్టను బట్టే. మేడ్చల్ తోటలో ఇన్నేళ్లూ నీళ్లు తాగింది అమెరికా వేరని నాన్నకు ఆ రోజే తెలిసింది.

చివరగా ఆయన ఒక పురుగును చూపించాడు. వేలి గోరంత ఉంది, ఎర్రటి ఒంటి మీద నల్లచారలు, తెల్లచుక్కలు. స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై పిల్ల. 2014లో పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో మొదటిసారి కనబడింది, 2018కి న్యూజెర్సీకి వచ్చింది. తీగ రసం పీల్చి జిగురు విసర్జిస్తుంది, ఆ జిగురు మీద నల్లటి మసి తెగులు పడుతుంది. కనబడితే కాలితో తొక్కేయమని ప్రభుత్వమే చెప్పింది. మాకు పిండినల్లి ఇదే చేసిందని నాన్న చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన చెయ్యి చాచి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరివీ కాయలు కాచిన చేతులు. ఆ నిమిషం కోసమే నేను ఆ రోజును ప్లాన్ చేశానేమో అనిపించింది.

అప్పటికి అమ్మా మా ఆవిడా నీడన కూర్చుని ఆకలంటున్నారు. టేస్టింగ్‌లో నాలుగైదు రకాలు కొద్ది కొద్దిగా పోశారు. తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత. షార్డొనే నాన్నకు పుల్లగా అనిపించింది. ఎర్రటి వాటిలో ఒకదాన్ని రెండోసారి వాసన చూసి, "ఇది బాగుంది, కానీ నోరు పిడచగడుతోంది" అన్నాడు. ఆ వగరు తోలు నుంచీ గింజల నుంచీ వచ్చేదే. బకెట్‌లో పోయమంటే మాత్రం ఆయనకు మనసొప్పలేదు. రైతు కష్టం పారబోసినట్టుందని గ్లాసు నాకిచ్చి నన్నే పోయమన్నాడు.

అమ్మ ద్రాక్ష రసం తాగింది. అందులోనూ న్యూజెర్సీ కథే ఉంది. ఈ రాష్ట్రంలోని వైన్‌లాండ్ ఊళ్లో థామస్ వెల్చ్ అనే దంతాల డాక్టరు ఉండేవాడు. చర్చిలో వైన్‌కు బదులు మత్తు లేని రసం ఇవ్వాలని 1869లో ద్రాక్ష రసాన్ని వేడి చేసి, పులియకుండా సీసాల్లో నిలవ చేశాడు. ఇవాళ సూపర్‌మార్కెట్‌లో కనిపించే వెల్చ్స్ జ్యూస్ అక్కడి నుంచి వచ్చిందే. ఇంత పాత ద్రాక్ష నేలలో వైనరీలు చాలాకాలం లేకపోవడానికి కారణం చట్టం. మద్యనిషేధం నాటి నుంచి పది లక్షల జనాభాకు ఒక్క వైనరీ లైసెన్సే ఇచ్చేవారు. 1981లో ఆ చట్టం మారాకే చిన్న రైతులు వైన్ చేసి తోటలోనే అమ్ముకోగలిగారు. ఇప్పుడు రాష్ట్రంలో యాభైకి పైగా వైనరీలున్నాయి. పండించినవాడే సరుకు తయారు చేసి, తన గడప దగ్గరే అమ్ముకునే దారి మేడ్చల్ రైతులకూ ఆ రోజుల్లో దొరికి ఉంటే కొన్ని తోటలైనా నిలబడేవని నా నమ్మకం.

రెండోది పిట్స్‌టౌన్‌లోని బెనెడ్యూస్ వైన్‌యార్డ్స్. అక్కడ ఎక్కువసేపు లేం. శనివారం కావడంతో పాటలు, పిల్లలు, పిజ్జాల సందడి. నాన్న ఒక వరస అటూ ఇటూ నడిచి వచ్చాడు, నేను ఒక సీసా కొన్నాను, అమ్మ తెచ్చిన పులిహోర కారు దగ్గర తిన్నాం. నాలుగు దాటాక బయల్దేరాం.

ఆ రోజు ఎండ 32 డిగ్రీలు, ఉక్కపోత. మైదానంలోకి వెళ్లేసరికి పడమట మబ్బు కనబడింది. జులైలో ఇక్కడ సాయంత్రం ఉరుముల వాన మామూలే. మబ్బు దగ్గరికొస్తే అందరి బెలూన్లూ నేల మీదే. నాకు ఒకటే టెన్షన్. చెక్-ఇన్‌లో మా ఇద్దరి బరువు అడిగి రాసుకున్నారు. బెలూన్‌ను పైకి లేపేది లోపలి వేడికీ బయటి వేడికీ ఉన్న తేడా. బయట ఇంత ఉడికిపోతుంటే ఆ తేడా తగ్గుతుంది, మోయగల బరువూ తగ్గుతుంది. అందుకే మా బుట్టలో ఆ సాయంత్రం మామూలుకన్నా తక్కువమందిని తీసుకున్నారు.

ఆరు దాటాక పైలట్లందర్నీ మీటింగ్‌కు పిలిచారు. ఒకామె పిల్లల పుట్టినరోజు బుడగంత నల్లటి హీలియం బుడగను గాల్లోకి వదిలింది. దాన్ని పైబల్ అంటారు. అది ఏ ఎత్తులో ఎటు మళ్లుతుందో అందరూ తలెత్తి చూస్తూ నిలబడ్డారు. నేల దగ్గర కాస్త తూర్పుకు పోయింది, పైకెళ్లాక ఉత్తరానికి తిరిగింది. బెలూన్‌కు స్టీరింగ్ ఉండదు. ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తుందో చూసి, ఆ ఎత్తుకు పోవడమో దిగడమో, పైలట్ చేయగలిగింది అంతే. మబ్బు దూరంగా జరిగిపోయింది, ఎగరొచ్చని కబురొచ్చింది. మైదానమంతా చప్పట్లు.

అక్కడి నుంచి అంతా చకచకా జరిగింది. బుట్టను పక్కకు పడుకోబెట్టారు. సంచీలోంచి నైలాన్ గుడ్డను లాగి మైదానంలో పొడుగ్గా పరిచారు. నన్నూ నాన్ననూ గుడ్డ మూతి పట్టుకోమన్నారు. చేతులకు గ్లౌజులిచ్చారు. పెట్రోల్ ఇంజన్ ఫ్యాన్ స్టార్ట్ చేశారు. కల్లంలో వడ్లు తూర్పారబట్టే ఫ్యాన్ ఎలా ఉంటుందో అలాగే ఉంది, హోరు కూడా అదే. గుడ్డ మెల్లగా పొర్లుతూ ఉబ్బింది. పట్టుకున్న అంచు చేతుల్లోంచి లాక్కుపోతుంటే నాన్న మడమలు నేలలోకి తన్నిపెట్టి వెనక్కి వాలాడు. మూతిలోంచి లోపలికి చూస్తే ఎరుపూ పసుపూ చారల పెద్ద గుహ, సాయంకాలపు ఎండ గుడ్డలోంచి వడగట్టినట్టు పడుతోంది. పైలట్ బర్నర్ నొక్కాడు. మనిషి పొడుగు మంట లోపలికి దూసుకెళ్లింది, ముఖం మీద పొయ్యి సెగ. మళ్లీ, మళ్లీ. అటు చివర శిఖరానికి కట్టిన తాడును ఒకతను బరువంతా వేసి లాగి పట్టుకుంటే, బెలూన్ నింపాదిగా లేచి నిలబడింది, దాంతోపాటు బుట్టా నిటారుగా అయింది. ఎక్కండి ఎక్కండి అన్నారు.

బుట్ట పక్కన కాలు పెట్టుకోవడానికి కన్నాలుంటాయి. తలుపు ఉండదు. నాన్న తోటలో గట్లెక్కిన మనిషి, అవలీలగా ఎక్కేశాడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం కష్టమే. ఎక్కాక గంట దాకా నిలబడే ఉండాలి, కూర్చోవడానికి చోటు లేదు. తలకు టోపీ తప్పనిసరి, బర్నర్ సెగ నడినెత్తిన తగులుతుంది.

లేచినట్టు తెలియలేదు. కింద అమ్మ చెయ్యి ఊపుతూ చిన్నదై పోతుంటే అప్పుడు తెలిసింది. నాకు ఎత్తంటే భయం, కానీ అక్కడ భయం వేయలేదు. గాలితోపాటే పోతుంటాం కాబట్టి ముఖానికి గాలి తగలదు, ఊపు ఉండదు. బర్నర్ ఆపినప్పుడల్లా కింద కుక్క మొరగడం, ఎవరో పిల్లాడు అరవడం స్పష్టంగా వినబడేది. చుట్టూ బెలూన్లే, కొన్ని మా పైన, కొన్ని మా కాళ్ల కింద. రూట్ 22 మీద కార్లు దాటాం. ఎడమ వైపు దూరంగా గుట్టల మధ్య రౌండ్ వ్యాలీ జలాశయం మెరుస్తోంది. నాన్న మాత్రం పొలాలే చూస్తున్నాడు. "అది సోయా, ఇది మక్క. అగో ఆ మూల నీళ్లు నిలిచి పసుపెక్కింది చూడు" అంటూ వేలు పెట్టి చూపిస్తున్నాడు. తను చేసిన పనిని పైనుంచి చూడటం ఏ రైతుకైనా కలిగి తీరాల్సిన అనుభవం అని నాకు గట్టిగా అనిపించింది.

దిగడానికి పైలట్ చోటు వెతుకుతుంటే ఎదురుగా విశాలంగా మొక్కజొన్న చేను వచ్చింది. ఆయన బర్నర్ నొక్కి దాన్ని దాటించాడు. నిలిచిన పంట మీద దిగం, పశువులు, గుర్రాలున్న చోట దిగం, కరెంటు తీగల దగ్గర అసలే దిగం అన్నాడు. నాన్నకు తెలుగులో చెబితే "మంచి పిలగాడు" అన్నాడు. కోసేసిన గడ్డి మైదానం దొరికింది. మోకాళ్లు కాస్త వంచి, లోపలి తాళ్లు పట్టుకోమన్నారు. నేలకు తగిలి, ఓసారి ఎగిరి, ఇంకోసారి తగిలి ఆగాం. కిందనే రోడ్ల మీద మమ్మల్ని వెంబడిస్తూ వచ్చిన వ్యాను వాళ్లు అప్పటికే పొలం యజమాని ఇంటి తలుపు తట్టి అనుమతి అడుగుతున్నారు. ఆయన పిల్లలను వెంటబెట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

గుడ్డ మడిచి సంచీకెక్కించాక షాంపేన్ తెరిచారు. బెలూన్ దిగాక అది ఆనవాయితీ. అమెరికాలో మనిషి తొలి బెలూన్ ప్రయాణం ముగిసింది కూడా న్యూజెర్సీలోనే. 1793 జనవరి 9న జాన్‌పియర్ బ్లాంచార్డ్ అనే ఫ్రెంచివాడు ఫిలడెల్ఫియాలో జైలు ఆవరణలోంచి లేచి, నది దాటి డెప్ట్‌ఫర్డ్ దగ్గర దిగాడు. అతనికి ఇంగ్లిష్ రాదు, చేతిలో జార్జ్ వాషింగ్టన్ రాసిచ్చిన ఉత్తరం ఉంది. బెదిరిపోయిన రైతుకు అతను చూపించింది వైన్ సీసా. మా నాన్నకు ఈ కథ చెబుతుంటే పొలం యజమాని కూడా విన్నాడు, తన గ్లాసు నాన్న గ్లాసుకు తాకించాడు. ఎగరడం అయిపోయింది కాబట్టి ఈసారి నాన్న ఒక్క చుక్క కూడా పారబోయలేదు.

వ్యానులో తిరిగొచ్చేసరికి చీకటి పడింది. నేలకు కట్టిన బెలూన్లను రాత్రి బర్నర్లు నొక్కి దీపాల్లా వెలిగిస్తారు. అమ్మ మడతకుర్చీ వేసుకుని ముందు వరసలో చోటు పట్టేసింది, వచ్చే ఏడాది కూడా ఇది చూడాల్సిందేనంది. తర్వాత పార్కింగ్ లోంచి బయటపడటానికి చాలాసేపు పట్టింది. పిల్లలున్నవాళ్లు నీళ్లూ తినడానికేదైనా కార్లో పెట్టుకోవాలి.

ఇప్పుడు ఇంట్లో మాటంతా ఫిబ్రవరి గురించే. మంచులో ద్రాక్ష కత్తిరించడం కళ్లారా చూడాలని నాన్న పట్టు. చలికి అమ్మ రానంటోంది. తన కత్తెర తెచ్చుకోవచ్చా అని నాన్న అడిగితే, చెక్-ఇన్ సామాన్లో పెట్టుకుంటే పర్వాలేదని చెప్పాను. టికెట్లు చూస్తున్నాను.